ఓపీ ఎంత అని కాదు, నెలాఖరుకి చేతిలో ఎంత మిగులుతోంది?

తెనాలి_నేత్ర | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఎంఎస్ ఆప్తల్మాలజీ (కంటి వైద్యం) పూర్తయి మూడేళ్ళయింది. ఇప్పుడు విజయవాడలో ఒక ఆసుపత్రిలో జీతానికి చేస్తున్నాను. తెనాలిలో మా నాన్నగారికి మెయిన్ రోడ్డుకు ఆనుకుని రెండంతస్తుల బిల్డింగ్ ఉంది. కింద ఓపీ, కళ్ళజోళ్ళ షాపు, పైన ఓటీ (ఆపరేషన్ థియేటర్) పెట్టుకోమని ఏడాదిగా అంటున్నారు. బ్యాంకు వాళ్ళు కోటీ 40 లక్షల లోనుకు సరే అన్నారు, నేనింకా సంతకం పెట్టలేదు. శుక్లాల ఆపరేషన్ చేసే ఫేకో మిషన్, మైక్రోస్కోప్, కన్ను పరీక్షించే స్లిట్ ల్యాంపులు, రెటీనా స్కాన్ చేసే ఓసీటీ, లెన్స్ పవర్ కోసం కంటి కొలతలు తీసే బయోమెట్రీ, జనరేటర్, ఓటీ ఏసీ, ఇంటీరియర్, అన్నీ కలిపి ఆ లెక్క.

నా టెన్షన్ ఏమిటంటే, అడిగిన ప్రతి సీనియరూ "రోజుకు 80 ఓపీ", "నెలకు 60 కేసులు" అంటున్నారు తప్ప ఖర్చులు పోగా ఇంటికి ఎంత తీసుకెళ్తున్నారో ఒక్కరూ చెప్పడం లేదు. మా బ్యాచ్‌లో సైకియాట్రీ తీసుకున్న స్నేహితురాలు ఒక చిన్న గదిలో కూర్చుని నా జీతం కంటే ఎక్కువ మిగుల్చుకుంటోంది. పీజీ కౌన్సెలింగ్ అప్పుడు అందరం ఏ బ్రాంచికి డిమాండ్ ఉందని చూశామే గానీ, ఆ బ్రాంచి పెట్టుకుని బతకాలంటే నెలకు ఎంత ఖర్చవుతుందని ఎవరమూ అడగలేదు.

ఏ స్పెషాలిటీ వాళ్ళైనా సరే, దయచేసి వచ్చేది కాదు, పోయేది రాయండి.

పిల్లల_డాక్టర్_ఖమ్మం | ఆదివారం, రాత్రి 10:15

అమ్మా, మంచి ప్రశ్న అడిగావు. నేను 19 ఏళ్ళుగా సొంత క్లినిక్ నడుపుతున్నాను కాబట్టి దాచుకోకుండా రాస్తాను.

నా ఫీజు 350. చీటీ వారం రోజులు చెల్లుతుంది. రోజుకు 60 మంది పిల్లలు వస్తారు, బయటి నుంచి చూసేవాళ్ళు 60 ఇంటూ 350 అని వేసుకుంటారు. నిజానికి కొత్త చీటీ తీసుకునేవాళ్ళు 35 మంది, మిగతా 25 మంది జ్వరం తగ్గిందా లేదా చూపించుకోవడానికి వచ్చేవాళ్ళు. అంటే 12 వేల చిల్లర. నెలకు 25 రోజులు వేసుకో. అందులో అద్దె, ఇద్దరు సిస్టర్లు, రిసెప్షన్, ఆయా, కరెంటు, ఇంటర్నెట్, చెత్త తీసుకెళ్ళే వ్యాన్ వాళ్ళ బిల్లు, ఆడిటర్ ఫీజు, అన్నీ పోతాయి. నా విషయంలో వచ్చిన దాంట్లో మూడో వంతు ఖర్చులకే వెళ్తుంది.

పిల్లల డాక్టరుకు వేరే ఎవరికీ లేని ఖర్చు ఒకటుంది, టీకాలు. ఫ్రిజ్‌లో ఎప్పుడూ మూడు నాలుగు లక్షల సరుకు ఉంటుంది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, లేకపోతే పారేయాల్సిందే. ఒక వేసవిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి రాత్రంతా కరెంటు లేదు, ఇన్వర్టర్ తెల్లవారుజామున ఆగిపోయింది. పొద్దున వచ్చి థర్మామీటర్ చూస్తే 14. వేసినా ఎవరికీ తెలియదు, కానీ వేయలేను కదా. లక్షా 80 వేల సరుకు పసుపు కవర్‌లో వేసి పంపించాను. ఆ నెల నేను ఇంటికి తీసుకెళ్ళింది మా సిస్టర్ జీతం కంటే కొంచెం ఎక్కువ, అంతే.

మనసు_వైద్యం | ఆదివారం, రాత్రి 10:50

సైకియాట్రీ గురించి రాశారు కాబట్టి నేను చెప్పాలి. నాది హనుమకొండ. అద్దె 22 వేలు, రిసెప్షన్ అమ్మాయికి 14, సహాయకుడికి 12, కరెంటు 4, ఫోన్లు, సాఫ్ట్‌వేర్ 3, చిల్లర ఖర్చులు 5. మొత్తం 60 వేలు. మిషన్ లేదు, ఓటీ లేదు, లోను లేదు. రోజుకు 18 మంది, ఫీజు 600. 25 రోజులకు 2 లక్షల 70 వేలు. 60 పోతే 2 లక్షల 10 వేలు. ఇంత సూటిగా లెక్క తేలే బ్రాంచి ఇంకొకటి లేదేమో.

కానీ ఒక మాట. నా దగ్గర ఖర్చు తక్కువే గానీ పెరిగే దారి కూడా తక్కువే. కొత్త పేషెంటుకు 40 నిమిషాలు కూర్చోవాలి, వాళ్ళ అమ్మతో, భార్యతో విడిగా మాట్లాడాలి. 18ని 40 చేయాలంటే పేషెంటు మాట మధ్యలో ఆపాలి. నా పెట్టుబడి నా గంటలే. నేను జ్వరంతో పడుకుంటే ఆ రోజు ఆదాయం సున్నా. మీ ఆప్తల్మాలజీలో ఒకసారి పెట్టుబడి తీరిపోతే, కళ్ళజోళ్ళ షాపు మీరు లేకపోయినా నడుస్తుంది. నా గదిలో నేను లేకపోతే ఏమీ నడవదు.

తెనాలి_నేత్ర | ఆదివారం, రాత్రి 11:20

@పిల్లల_డాక్టర్_ఖమ్మం సర్, @మనసు_వైద్యం గారు, ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్. మీవి చూశాక నేనూ కాగితం తీసి లెక్క వేశాను, తప్పుంటే చెప్పండి.

కోటీ 40 లక్షలు, 10 శాతం వడ్డీ, ఏడేళ్ళు. ఈఎంఐ నెలకు 2 లక్షల 32 వేలు. ఇద్దరు ఆప్టోమెట్రిస్టులు, ఓటీ టెక్నీషియన్, సిస్టర్లు, రిసెప్షన్, ఆయా, వాచ్‌మన్ కలిపి జీతాలు లక్షా 90 వేలు. కరెంటు, డీజిల్ 45. మిషన్ల ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) సర్దితే నెలకు 40. మిగతావి 33. మొత్తం 5 లక్షల 40 వేలు. అద్దె లేదు, బిల్డింగ్ మాదే.

ఫేకో ఆపరేషన్‌కు 18 వేలు తీసుకుంటే లెన్స్, విస్కో, బ్లేడ్లు, డ్రేపులు, మందులు కలిపి 6 వేలు పోతాయి. కేసుకు 12 వేలు మిగులుతుంది. 5 లక్షల 40 వేలకు 45 కేసులు. అంటే నెలలో మొదటి 45 మంది కళ్ళు నేను బ్యాంకు కోసం, జీతాల కోసం చేయాలి. నాకంటూ వచ్చేది 46వ కేసు నుంచి. ఓపీ ఫీజు, కళ్ళజోళ్ళు ఇందులో కలపలేదు గానీ, మొదటి ఏడాది అవి ఎంత వస్తాయో చెప్పగలిగేవాళ్ళు ఎవరూ లేరు.

ఆడిటర్_గుంటూరు | సోమవారం, ఉదయం 7:05

నేను డాక్టరును కాదు, డాక్టర్ల లెక్కలు చూసే ఆడిటర్‌ని. 40 మందికి పైగా డాక్టర్లు, నర్సింగ్‌హోమ్‌లు నా దగ్గర ఉన్నాయి. మేడమ్, మీ లెక్కలో రెండు సవరణలు.

ఒకటి, "అద్దె లేదు" అని రాశారు. అద్దె ఉంది, అది మీ నాన్నగారు కడుతున్నారు. ఆ బిల్డింగ్ ఏ బ్యాంకుకో బట్టల షాపుకో ఇస్తే నెలకు 80 వేలు వస్తుందనుకుంటే, ఆ 80 వేలు ఆయన వదులుకుంటున్నట్టు. అది కలిపితే 6 లక్షల 20 వేలు, 52 కేసులు. సొంత బిల్డింగ్‌లో క్లినిక్ పెట్టి "బాగా మిగులుతోంది" అనుకునేవాళ్ళలో చాలామందికి మిగులుతున్నది అద్దె డబ్బే, వైద్యం డబ్బు కాదు.

రెండోది ఇంకా ముఖ్యం. ఈఎంఐ మొత్తం ఖర్చు కింద రాయడానికి చట్టం ఒప్పుకోదు. వడ్డీ ఖర్చు, మిషన్ అరుగుదల ఖర్చు, అసలు తిరిగి కట్టడం ఖర్చు కాదు. మీ లోనులో మొదటి ఏడాది కట్టే దాదాపు 28 లక్షల్లో 13 లక్షల చిల్లర వడ్డీ. అరుగుదల 15 శాతం, అదీ ఏటేటా తగ్గే విలువ మీద, కాబట్టి కోటి రూపాయల మిషన్ల మీద మొదటి ఏడు 15 లక్షలు. అప్పుడు బాగానే ఉంటుంది. ఆరో ఏట చూడండి. వడ్డీ 4 లక్షలకు పడిపోతుంది, అరుగుదల 6 లక్షల 65 వేలు, కానీ మీరు బ్యాంకుకు కట్టేది అదే 28 లక్షలు. అంటే 17 లక్షలు మీ చేతిలోంచి పోతాయి గానీ కాగితం మీద అది మీ ఆదాయం, దానికి పన్ను కట్టాలి. చేతిలో డబ్బు లేదు, పన్ను ఉంది అని ఆరో ఏట, ఏడో ఏట నా దగ్గరికి వచ్చి కూర్చునేవాళ్ళంతా మిషన్ల స్పెషాలిటీల వాళ్ళే. సైకియాట్రిస్టు, స్కిన్ ఓపీ మాత్రమే చూసే డాక్టర్ ఎప్పుడూ రారు.

ఇంకో సంగతి. ఆదాయపు పన్నులో 44ఏడీఏ అన్న పేరుతో అందరికీ తెలిసిన ఒక సెక్షన్ ఉంది. వృత్తిలో ఉన్నవాళ్ళకు వచ్చిన దాంట్లో సగం ఆదాయం, సగం ఖర్చు అని లెక్కకట్టి పుస్తకాలు రాయకుండా వదిలేస్తుంది. పరిమితి 50 లక్షలు, నగదు 5 శాతం దాటకపోతే 2023-24 నుంచి 75 లక్షలు. ఇందులో డాక్టర్లందరూ ఒకటే. నిజంగా 20 శాతం ఖర్చు ఉన్నవాళ్ళకు అది వరం. 65, 70 శాతం ఖర్చు ఉన్న రేడియాలజిస్టు మాత్రం సగం కంటే తక్కువ మిగిలింది మహాప్రభో అని చెప్పుకోవాలంటే పుస్తకాలు రాయించాలి, ఆడిట్ చేయించాలి, అది మళ్ళీ ఒక ఖర్చు. చట్టానికి స్పెషాలిటీల మధ్య తేడా తెలియదు.

స్కానింగ్_రూమ్ | సోమవారం, మధ్యాహ్నం 1:30

రేడియాలజిస్టు అన్న పేరు వచ్చింది కాబట్టి రాస్తున్నాను. రాజమండ్రిలో అల్ట్రాసౌండ్, ఎక్స్‌రే, సీటీ ఉన్నాయి నాకు. ఎంఆర్ఐ పెట్టలేదు, పెట్టకపోవడానికి కారణం చెబుతాను. ఎంఆర్ఐ మాగ్నెట్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, లోపల హీలియం చల్లగా ఉంచడానికి చిల్లర్ రాత్రీ పగలూ తిరుగుతూనే ఉండాలి. సంక్రాంతి మూడు రోజులు ఒక్క పేషెంటు రాకపోయినా కరెంటు మీటరు ఆగదు.

మా ఖర్చులన్నీ ఇలాంటివే, పేషెంటు వచ్చినా రాకపోయినా పోయేవి. సీటీ ట్యూబ్ ఒకటి పోతే లక్షల్లో బిల్లు, అందుకే సర్వీస్ కాంట్రాక్టు వద్దనుకోలేం. ఎక్స్‌రే, సీటీలకు ఏఈఆర్‌బీ (రేడియేషన్ భద్రత చూసే కేంద్ర సంస్థ) అనుమతి, గోడలకు సీసం రక్షణ, సిబ్బందికి రేడియేషన్ బ్యాడ్జీలు. అల్ట్రాసౌండ్‌కు పీసీపీఎన్‌డీటీ (లింగ నిర్ధారణ నిషేధ చట్టం) రిజిస్ట్రేషన్ ఫీజు 25 వేలు, ఐదేళ్ళకోసారి రెన్యూవల్. ప్రతి గర్భిణి స్కాన్‌కూ ఫారం ఎఫ్ అనే రికార్డు నింపాలి, దానికే ఒక మనిషి కావాలి. ఆ చట్టం ఉండాలి, ఆడపిల్లల కోసం వచ్చిన చట్టం, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ 2012 సవరణ తర్వాత ఒక జిల్లాలో రెండు చోట్లకు మించి అల్ట్రాసౌండ్ చేయడానికి రిజిస్టర్ కాలేం. ఫిజీషియన్‌లా సాయంత్రం ఇక్కడ, రాత్రి అక్కడ అని నాలుగు చోట్ల కూర్చుని ఖర్చు పంచుకునే అవకాశం మాకు లేదు.

జీఎస్టీ గురించి ఎవరూ రాయలేదు. వైద్య సేవలకు జీఎస్టీ లేదు, పేషెంటుకు మంచిదే. కానీ మేము మిషన్ మీద కట్టిన పన్ను తిరిగి రాదు, అది కూడా మిషన్ ధరలో కలిసిపోయినట్టే. 12 శాతం ఉన్నప్పుడు కొన్నవాడిని నేను. 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతం చేశారు, ఇప్పుడు కొనేవాళ్ళకు ఆ మేరకు మేలు.

పేషెంటు_కొడుకు | సోమవారం, సాయంత్రం 6:10

నేను డాక్టరును కాదు, ఈ చర్చ చదువుతూ ఆగలేక రాస్తున్నాను. పోయిన ఏడు మా నాన్నకు తలనొప్పి అని తీసుకెళ్తే మొదటి రోజే సీటీ, రక్త పరీక్షలు, ఎకో అన్నీ రాశారు. 9 వేలయింది. అన్నీ నార్మల్. కళ్ళజోడు పవర్ మారిందని తర్వాత వేరే డాక్టరు చెప్పారు. నేను కౌలు రైతును. ఆ 9 వేలకు నేను అప్పు చేశాను. మీ ఈఎంఐలు మా మీద కడుతున్నారా అని అడగాలని ఉంది. కోపంతో కాదు, తెలుసుకోవాలని.

స్కానింగ్_రూమ్ | సోమవారం, రాత్రి 8:45

@పేషెంటు_కొడుకు గారు, మీ ప్రశ్నకు ఇక్కడ ఉన్న ఎవరో ఒకరు నిజం చెప్పాలి, నేనే చెబుతాను. మీ నాన్నగారి కేసు నాకు తెలియదు, ఆ వయసులో కొత్తగా వచ్చిన తలనొప్పికి సీటీ రాయడం తప్పని కూడా అనలేను. కానీ మీరు అడిగింది ఉంది. మిషన్ కొన్న మొదటి రెండేళ్ళు నేను రాత్రిళ్ళు రోజుకు ఎన్ని స్కాన్లు పడాలో లెక్కపెట్టుకుని పడుకునేవాడిని. నాకు స్కాన్లు పంపే డాక్టర్లు కొందరు పర్సంటేజీ అడిగారు. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే కమిషన్ ఇవ్వడం, తీసుకోవడం రెండూ తప్పు. మొదటి ఏడాది నేను ఇచ్చాను. 1800 స్కాన్‌కు 500 అలా పోయేది, ఆ 500 చివరికి పేషెంటుదే. తర్వాత మానేశాను, మానేసిన ఆరు నెలలు స్కాన్లు సగానికి పడ్డాయి, మా ఆవిడ బంగారం పెట్టి ఈఎంఐ కట్టాను. ఇప్పుడు 1300కే చేస్తున్నాను.

మీరు అప్పు చేయాల్సి వచ్చినందుకు నాకు బాధగా ఉంది.

ఆడిటర్_గుంటూరు | సోమవారం, రాత్రి 9:00

పైన సర్ రాసిన దానికి చిన్న చేర్పు. ఆ కమిషన్లు చట్టం నిషేధించిన చెల్లింపులు కాబట్టి ఖర్చు కింద రాయడానికి లేదు, 2022 ఫైనాన్స్ చట్టం తర్వాత ఇందులో సందేహమే లేదు. అంటే ఇచ్చిన 500 మీద కూడా మీరే పన్ను కట్టాలి.

మత్తు_డాక్టర్ | సోమవారం, రాత్రి 10:30

అనస్థీషియా నుంచి ఒకరు రాయాలి కదా. ఊళ్ళో అందరూ మత్తు డాక్టర్ అంటారు, అదే పేరు పెట్టుకున్నా. నాకు క్లినిక్ లేదు, బోర్డు లేదు, రిసెప్షన్ లేదు. కారు, డీజిల్, ఫోను, ఇండెమ్నిటీ పాలసీ, నా సొంత లారింగోస్కోపు, ట్యూబుల బ్యాగు. లెక్కకు ఖర్చు 10 శాతం లోపే. అందరికంటే మాకే మిగలాలి.

కానీ మాది అవతలి వాళ్ళ చేతిలో ఉన్న లెక్క. ఖర్చు పెరిగినప్పుడు సర్జన్ ముందు తగ్గించేది మా ఫీజే. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద చేసిన కేసైతే "క్లెయిము రాగానే ఇస్తాను సర్" అంటారు, అది ఆరు నెలలు, ఎనిమిది నెలలు. ప్రస్తుతం నాలుగు చోట్ల కలిపి నాకు రావలసింది 6 లక్షల పైనే. ఓవర్‌హెడ్ (ప్రాక్టీసు నడిపే ఖర్చు) ఎవరి పుస్తకంలో రాశారన్నది వేరు, దాని భారం ఎవరి మీద పడుతుందన్నది వేరు.

నర్సింగ్‌హోమ్_ఒంగోలు | మంగళవారం, ఉదయం 5:50

ఇప్పుడే డెలివరీ అయింది, మళ్ళీ నిద్ర పట్టేలా లేదు కాబట్టి రాస్తున్నా. మాది 15 పడకల నర్సింగ్‌హోమ్, నేను గైనిక్, మావారు జనరల్ సర్జన్.

కాన్పుకు టైము ఉండదు. అందుకని మూడు షిఫ్టుల్లో సిస్టర్లు, ఆయాలు ఉండాలి, రాత్రి ఒక్క కేసు రాకపోయినా జీతం జీతమే. లిఫ్టు, ఫైర్ ఎన్‌ఓసీ, ఆక్సిజన్, జనరేటర్, బయోమెడికల్ చెత్త తీసుకెళ్ళే వ్యాన్ వాళ్ళకు పడకకు ఇంత అని రోజు లెక్క. 2016 రూల్స్ ప్రకారం 48 గంటలకు మించి ఆ చెత్త ఉంచకూడదు, సరైన రూలే, కానీ పడకలు నిండినా ఖాళీగా ఉన్నా బిల్లు ఒకటే. మాకు వచ్చిన ప్రతి వంద రూపాయల్లో 70 నర్సింగ్‌హోమ్ తినేస్తుంది. మిగిలిన 30 ఇద్దరు డాక్టర్లది. ఒక్కొక్కరిదీ విడదీస్తే మా దగ్గర జీతానికి ఉన్న డ్యూటీ డాక్టరు కంటే మరీ ఎక్కువేం కాదు, కొన్ని నెలలు తక్కువ. ఇరవై ఏళ్ళ క్రితం నర్సింగ్‌హోమ్ అంటే పెద్ద ఆదాయం, ఇప్పుడు మా బ్యాచ్ వాళ్ళు ఒక్కొక్కరే మూసేసి కార్పొరేట్‌లో చేరుతున్నారు. నేను ఎందుకు మూయలేదంటే, మా దగ్గర పుట్టిన పిల్లలు ఇప్పుడు కాన్పులకు వస్తున్నారు. అది లెక్కలో రాదు, తెలుసు.

స్టాఫ్‌నర్స్_12ఏళ్ళు | మంగళవారం, మధ్యాహ్నం 2:40

అందరూ జీతాలు, జీతాలు అని ఖర్చు కింద రాస్తున్నారు. ఆ ఖర్చు నేనే. 12 ఏళ్ళ అనుభవం, నెలకు 16 వేలు. పీఎఫ్ లేదు. చాలా క్లినిక్‌లలో ఖర్చు తగ్గించాలంటే ముందు ఒక సిస్టర్‌ని తీసేస్తారు, ఏఎంసీ మాత్రం ఆపరు, ఎందుకంటే మిషన్ ఆగిపోతే కనిపిస్తుంది, సిస్టర్ అలసిపోతే కనిపించదు. అద్దె, ఈఎంఐ మీరు మార్చలేరు, మా జీతం మార్చగలరు, అందుకని మాదే తగ్గుతుంది. @తెనాలి_నేత్ర మేడమ్, మీరు కొత్తగా పెడుతున్నారు కాబట్టి అడుగుతున్నాను, జీతాల గీత మొదట రాయండి, మిషన్ల గీత తర్వాత.

తెనాలి_నేత్ర | మంగళవారం, మధ్యాహ్నం 3:15

@స్టాఫ్‌నర్స్_12ఏళ్ళు అక్కా, నేను రాసిన లక్షా 90 వేలలో సిస్టర్‌కు 13 వేలు వేశాను. మార్చాలి. చెప్పినందుకు థాంక్స్.

పంటి_డాక్టర్_కర్నూలు | మంగళవారం, సాయంత్రం 5:30

డెంటల్‌ను ఎవరూ స్పెషాలిటీ కింద లెక్కపెట్టరు గానీ మా ఖర్చు చూడండి. చెయిర్, కంప్రెసర్, ఎక్స్‌రే పెట్టుబడి ఒక ఎత్తు, ప్రతి పనికీ సామాను ఇంకో ఎత్తు. క్యాప్ వేస్తే ల్యాబు బిల్లు, రూట్ కెనాల్ అయితే ఫైళ్ళు. ఓపీ చూసే డాక్టరుకు ఇంకో పేషెంటు వస్తే అదనంగా అయ్యే ఖర్చు ఒక కాగితం. మాకు పదో పేషెంటుకు కూడా మొదటి పేషెంటుకు అయినంత సామాను ఖర్చవుతుంది. అందుకని మందిని పెంచుకుంటే లాభం పెరుగుతుందన్నది మాకు సగమే నిజం. వచ్చిన దాంట్లో 55, 60 శాతం పోతుంది నాకు.

హ్యూస్టన్_తెలుగు | బుధవారం, తెల్లవారుజామున 4:20

గుంటూరు మెడికల్ కాలేజీ పాత విద్యార్థిని, ఇక్కడ ఇంటర్నల్ మెడిసిన్. అమెరికాలో ఈ లెక్క ప్రభుత్వమే కాగితం మీద పెట్టింది, అది మీకు పనికొస్తుందేమో అని రాస్తున్నాను.

మెడికేర్‌లో (ముఖ్యంగా పెద్దవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) 1992 నుంచి ప్రతి పనికీ పాయింట్లు ఉంటాయి. డాక్టరు శ్రమకు కొన్ని, ప్రాక్టీసు ఖర్చుకు కొన్ని, మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్సుకు కొన్ని. మొత్తం వందనుకుంటే శ్రమకు దాదాపు 51, ఖర్చుకు 45, ఇన్సూరెన్సుకు 4. స్పెషాలిటీని బట్టి, ఊరిని బట్టి ఆ భాగాలు మారతాయి. అదే పని ఆసుపత్రిలో చేస్తే డాక్టరుకు ఖర్చు పాయింట్లు తగ్గిస్తారు, ఎందుకంటే గది, నర్సు ఆసుపత్రివి. ఇండియాలో ఆరోగ్య పథకాల్లో ఆపరేషన్ ప్యాకేజీ మొత్తానికి ఒకే అంకె వేసి, సర్జన్, మత్తు డాక్టర్, ఓటీ అందరూ అందులోనే పంచుకోమంటారు కదా, ఇక్కడ కనీసం విడివిడిగా రాస్తారు.

అలాగని ఇక్కడ బాగుందనుకోకండి. ఒక్కో పాయింటుకు 2001లో ఇచ్చింది 38 డాలర్ల 26 సెంట్లు. 2025లో 32 డాలర్ల 35 సెంట్లు. పాతికేళ్ళలో అద్దె, నర్సుల జీతాలు ఎంత పెరిగాయో ఆలోచించండి, రేటు మాత్రం తగ్గింది. మా క్లినిక్‌లో నలుగురు డాక్టర్లకు బిల్లింగ్, ఇన్సూరెన్సు అనుమతుల కోసమే ఐదుగురు ఉండేవాళ్ళు. చివరికి నేను ప్రాక్టీసు ఒక ఆసుపత్రి సంస్థకు అమ్మి జీతానికి చేరాను. ఆదాయం పెద్దగా తగ్గలేదు, రాత్రి నిద్ర వచ్చింది, కానీ పేషెంటుకు ఎంతసేపు ఇవ్వాలన్నది ఇప్పుడు నా చేతిలో లేదు.

మధురైలో_నేర్చుకున్నా | బుధవారం, రాత్రి 9:10

తెనాలి అమ్మాయి కోసం రాస్తున్నాను, నేనూ కంటి డాక్టర్నే, చీరాల.

నేను ఫెలోషిప్ మధురై అరవింద్ కంటి ఆసుపత్రిలో చేశాను. 1976లో 11 పడకలతో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి గారు మొదలుపెట్టారు. అక్కడ ఓవర్‌హెడ్ అన్న మాట నేను వినలేదు గానీ, అక్కడ జరిగేదంతా దాన్ని పంచడమే. ఒక సర్జన్‌కు రెండు బల్లలు, ఒకటి అవుతుండగానే రెండో పేషెంటు సిద్ధం, అదే మైక్రోస్కోపు అటు తిరుగుతుంది. డాక్టరు చేయక్కర్లేని పనులన్నీ శిక్షణ ఇచ్చిన అమ్మాయిలు చేస్తారు. విదేశీ లెన్సు కొనలేక 1992లో ఆరోల్యాబ్ పెట్టి సొంతంగా లెన్సులు తయారు చేశారు. మిషన్ ధర మనకూ వాళ్ళకూ ఒకటే, కానీ వాళ్ళ మిషన్ రోజంతా పనిచేస్తుంది, మనది రోజుకు రెండు కేసులు చేసి కవరు కప్పుకుంటుంది.

చీరాలలో అంత మంది రారు, తెనాలిలోనూ రారు. కాబట్టి మనం చేయగలిగింది తిరగేసి ఆలోచించడం. మందిని పెంచలేనప్పుడు మిషన్‌ను పంచుకోవాలి. నేను మొదటి నాలుగేళ్ళు సొంత ఓటీ పెట్టలేదు. ఊళ్ళో ఒక సీనియర్ గారి ఓటీ మంగళ, శుక్రవారాలు ఖాళీగా ఉండేది, కేసుకు 4 వేలు ఇచ్చి అక్కడ చేసేవాడిని. ఆయనకు ఖాళీ ఓటీ మీద డబ్బు వచ్చింది, నాకు కోటి రూపాయల అప్పు తప్పింది. ఓసీటీ కూడా అంతే. డయాబెటిస్ పేషెంటుకు అవసరమైతే గుంటూరు పంపేవాడిని, నా దగ్గర లేదు కాబట్టి నిజంగా అవసరమైనవాళ్ళకే రాసేవాడిని. పైన @పేషెంటు_కొడుకు గారు అడిగింది చదివాక ఇది చెప్పాలనిపించింది.

అలా నాలుగేళ్ళు చేశాక నాకు నెలకు ఎన్ని కేసులు వస్తాయో తెలిసింది. అప్పుడు లోను తీసుకున్నాను. బ్యాంకు ఊహించిన అంకె మీద కాదు, నా రిజిస్టర్‌లో ఉన్న అంకె మీద.

పిల్లల_డాక్టర్_ఖమ్మం | బుధవారం, రాత్రి 9:50

చీరాల డాక్టర్ గారితో నేను ఒక్క చోట విభేదిస్తాను. వేరేవాళ్ళ ఓటీలో ఇన్ఫెక్షన్ వస్తే పేరు పోయేది మనది. ఆటోక్లేవ్ (పరికరాలు స్టెరిలైజ్ చేసే మిషన్) ఎవరు చూస్తున్నారు, ఎన్నిసార్లు కల్చర్ (ఓటీలో క్రిములున్నాయా అన్న ల్యాబు పరీక్ష) పంపుతున్నారు అన్నది రాతపూర్వకంగా ఉండాలి. 4 వేలు మిగిలిందని కన్ను పోగొట్టకూడదు.

మధురైలో_నేర్చుకున్నా | బుధవారం, రాత్రి 10:05

నిజమే సర్. నేను నా ఇన్‌స్ట్రుమెంట్లు నేనే స్టెరిలైజ్ చేయించుకుని పట్టుకెళ్ళేవాడిని, నా ఓటీ అసిస్టెంటే ఉండేవాడు. కల్చర్ రిపోర్టు చూడకుండా ఒక్క మంగళవారం కూడా మొదలుపెట్టలేదు. ఇది ముందే రాయాల్సింది.

తెనాలి_నేత్ర | శుక్రవారం, రాత్రి 8:30

మూడు రోజులు మీ అందరివీ మళ్ళీ మళ్ళీ చదివాను, నాన్నగారికి కూడా చదివి వినిపించాను. @నర్సింగ్‌హోమ్_ఒంగోలు మేడమ్ రాసింది విని ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత బిల్డింగ్ పై అంతస్తు అద్దెకు ఇద్దామన్నారు.

కొత్త లెక్క ఇది. ఓసీటీ, ఫేకో, ఓటీ లేవు. 38 లక్షల లోను, ఈఎంఐ 63 వేలు. ఐదుగురికి జీతాలు 85 వేలు, ఇందులో సిస్టర్‌కు 19. కరెంటు 18, ఇతరాలు 18, కింది అంతస్తుకు నాన్నగారికి అద్దె 40 వేలు, ఈసారి నిజంగానే ఆయన అకౌంటులో వేస్తాను. మొత్తం 2 లక్షల 24 వేలు. బయటి ఓటీకి 4 వేలు, లెన్స్, సామానుకు 6 వేలు పోగా కేసుకు 8 మిగిలితే 28 కేసులు. 52 ఎక్కడ, 28 ఎక్కడ. ఒక్కో కేసు మీద నాకు తక్కువే మిగులుతుంది, కానీ 28 దొరకని నెలలో కూడా నేను ఎవరికీ అక్కర్లేని పరీక్ష రాయకుండా బతకగలను అనిపిస్తోంది. ఒక పెద్ద డాక్టర్ గారి ఓటీ చూసి వచ్చాను, కల్చర్ రిపోర్టులు అడిగాను, కొంచెం నొచ్చుకున్నారు గానీ ఫైలు తీసి చూపించారు.

@మధురైలో_నేర్చుకున్నా సర్, మీ పాత స్లిట్ ల్యాంపు, కళ్ళజోడు పవర్ చూసే ఆటోరిఫ్రాక్టోమీటర్ ఏమైనా అమ్మే ఆలోచన ఉందా? కొత్తవాటి కొటేషన్ చూస్తే గుండె గుభేలుమంది.

మధురైలో_నేర్చుకున్నా | శుక్రవారం, రాత్రి 9:15

స్లిట్ ల్యాంపు ఉందమ్మా, బల్బు మార్చాలి, ఆప్టిక్స్ బాగున్నాయి. ఆటోరిఫ్రాక్టోమీటర్ ఇప్పటికే ఒంగోలు వాళ్ళు అడిగారు, కనుక్కుని చెబుతాను. ఆదివారం ఓపీ ఉండదు, నాన్నగారితో వచ్చి చూసుకుని తీసుకెళ్ళు. డబ్బు ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వవచ్చు, వడ్డీ లేదు.